సిగ్నల్ పోయిన బాతులు

ఆ వారంలో మూడో బాతు మంగళవారం పొద్దున్న దొరికింది.

వలలావిడ దాన్ని ముందు చూడలేదు, తొక్కింది. రెల్లు దుబ్బుల మధ్య మోకాలి లోతు నీళ్ళలో బోను వైపు నడుస్తుంటే బూటు కింద ఏదో మెత్తగా తగిలి పక్కకి జారింది. చెయ్యి పెట్టి పైకి తీసింది. సూదితోక బాతు, ఆడది. మెడ వేలాడిపోయింది. తెల్లవారుజామున పోయినట్టుంది, కళ్ళ మీద పొర ఇంకా ముదరలేదు. వీపు మీద అగ్గిపెట్టెలో సగమంత నల్లటి ట్యాగు, దాని నెత్తిన ఎండని పీల్చుకునే చిన్న పలక, రెక్కల కింద నుంచి చుట్టిన పట్టీలు, అన్నీ ఉన్నవి ఉన్నట్టే ఉన్నాయి. బాతొక్కటే లేదు.

తిప్పి, బొటనవేలితో ఈకలు విడదీసింది. రొమ్ము ఎముక కత్తి అంచులా వేలికి తగిలింది. దానికి రెండు పక్కలా ఉండాల్సిన కండ కరిగిపోయింది. పట్టీ రెక్క మడతలోకి వెళ్ళే చోట ఈకలు రాలి, చర్మం ఒరుసుకుపోయి, పట్టీ అంచు పుండులోకి దిగి ఉంది. ఆ పట్టీ కట్టింది తనే. ముడి విడిపోకుండా జిగురు చుక్క వేసి, ఆరేదాకా నోటితో ఊదింది కూడా తనే.

తలెత్తి చూసింది. వంద గజాల అవతల రేవులో పడవాయన డబ్బాతో పడవలోని నీళ్ళు తోడి పోస్తున్నాడు. అటు తిరిగి ఉన్నాడు. ఆవిడ జేబులోంచి చిన్న కత్తెర తీసి పట్టీలు కత్తిరించింది. పటకారుతో కాలి రింగు విప్పింది. రెండూ కోటు లోపలి జేబులో వేసుకుంది. బాతుని రెల్లు మొదట్లో బురదలోకి నొక్కి, పైన రెల్లాకులు కప్పి, చేతులు నీళ్ళలో జాడించుకుంది.

ఇరవై రెండేళ్ళుగా వలలేసి పక్షుల్ని పట్టి, కాళ్ళకి రింగులు తొడుగుతున్న మనిషి. చచ్చిన పక్షి చేతికొస్తే దాని నంబరూ, తేదీ, దొరికిన చోటూ రాయకుండా ఒక్కనాడూ వదిలింది లేదు. ఈ నెలలో ఇలా వదలడం ఇది ఆరోసారి.

"ఏంటి చెల్లెమ్మా, ఆగిపోయావ్?" పడవాయన కేకేశాడు.

"బూటు ఇరుక్కుంది అన్నా."

"ఆ బూట్లు ఈ పక్షుల కేంద్రం కట్టకముందువి. ప్రొఫెసరు గారికి చెప్పి గాజు పెట్టెలో పెట్టిద్దాం, జనం టిక్కెట్టు కొని చూస్తారు."

ఆవిడ నవ్వడానికి ప్రయత్నించింది. నవ్వు రాలేదు.

బోనులో పదకొండు బాతులు పడ్డాయి. తీగ జల్లెడ మూలకి ఒదిగి, ఒకదాని మీద ఒకటెక్కి, ముక్కులు బయటపెట్టి చూస్తున్నాయి. ఒక్కొక్కదాన్నీ రెండు రెక్కలూ ఒంటికి అదిమి పట్టి, గుడ్డసంచిలో వేసి, తూకం కొక్కేనికి తగిలించింది. సంచి కాసేపు ఊగి నిలిచాక ముల్లు చూసింది. పడవాయన అంకెలు రాసుకుంటూ పోయాడు. పదకొండింటిలో ఒక్కదాని వీపు మీదా ట్యాగు లేదు. ఆ సంగతి ఇద్దరూ గమనించారు, ఇద్దరూ పైకి అనలేదు.

*

ఇంటికొచ్చేసరికి మేనకోడలు వంటింటి బల్ల మీద కంప్యూటరు పెట్టుకుని కూర్చుని ఉంది. ఈ పరిశోధన కోసం రెండేళ్ళుగా మేనత్త దగ్గరే ఉంటోంది. చలికాలం గడిపి ఉత్తరానికి తిరిగి వెళ్ళే సూదితోక బాతులు ఏ దారిన పోతాయో, ఎక్కడెక్కడ దిగుతాయో తేల్చడం ఆ అమ్మాయి పని. ముప్ఫై బాతులకి ట్యాగులు తొడిగారు. ఎండ తగిలితే ట్యాగు బ్యాటరీ నిండుతుంది, గంటకోసారి తానెక్కడుందో ఫోను టవరుకి చెబుతుంది, అది కంప్యూటరులో మ్యాపు మీద చుక్కగా పడుతుంది.

"ఏమైనా కనబడ్డాయా అత్తా?" అంది తలెత్తకుండా.

"పదకొండు పడ్డాయి. ట్యాగున్నది ఒక్కటీ లేదు."

"దూరంగా పోయి మేస్తున్నాయేమో."

"మేస్తూనే ఉన్నాయా? చుక్కలు కదులుతున్నాయా?"

"కొన్నిటి సిగ్నల్ పోయింది. మామూలే, పరికరాలన్నాక పాడవుతుంటాయి." కంప్యూటరు మూత సగం దించి ఇటు తిరిగింది. "శుక్రవారం ఇంకో ఇరవై ట్యాగులొస్తున్నాయి. బాతులు వెళ్ళిపోయేలోపు తొడిగేయాలి. నీ చేతులకి పని పెడుతున్నాను, ఏమీ అనుకోకు."

ఆవిడ ఏమీ అనుకోలేదన్నట్టు తలూపి లోపలి గదిలోకి నడిచింది. బీరువా పై అరలో ఉన్ని దుస్తుల వెనక చేయి పోనిచ్చి, పాత మేజోడులో ట్యాగునీ రింగునీ వేసింది. లోపలున్న ఐదింటికి తగిలి చిన్న చప్పుడైంది. చీకట్లో పెడితే ట్యాగు చచ్చిపోతుందని ఆవిడ లెక్క.

మొదటి బాతు దొరికిన రోజే చెప్పేద్దామని వచ్చింది. అప్పుడు ఆ పిల్ల ఫోను చెవికి పెట్టుకుని, తన వ్యాసాన్ని పెద్ద సదస్సుకి తీసుకున్నారని ఎవరికో చెబుతూ గదంతా తిరుగుతోంది. రేపు చెబుదాంలే అనుకుంది. రేపటికి రెండోది దొరికింది. రెండు దొరికాక, మొదటిది ఎందుకు చెప్పలేదో కూడా చెప్పాల్సి వచ్చింది. నాలుగోదానికొచ్చేసరికి చెప్పడానికి మొహం చెల్లలేదు.

*

గురువారం ప్రొఫెసరు గారు ఊరి నుంచి దిగారు. వెంట సరస్సు రక్షణాధికారిని తీసుకొచ్చారు. కేంద్రంలో పెద్ద గది అని పిలిచే చిన్న గదిలో అందరినీ కూర్చోబెట్టారు. బల్ల మీద పాత రికార్డులు ఓ పక్కకి జరిపి, గోడ మీద మ్యాపు వేయించారు. రేవు దగ్గర రెల్లులో ఆరు ఎర్ర చుక్కలు.

"నెల రోజుల్లో ఆరు ట్యాగులు ఆగిపోయాయి," అన్నారు ప్రొఫెసరు గారు. మెల్లిగా, చదివి వినిపిస్తున్నట్టు మాట్లాడే మనిషి ఆయన. "ఆరూ ఆఖరిసారి కనబడింది పడవల రేవుకి రెండొందల గజాల లోపు. జబ్బు చేసి చచ్చుంటే శవాలుండాలి. ఒక్క శవం దొరకలేదు."

"బరువు మోయలేక ఏమన్నా..." అని రక్షణాధికారి నసిగాడు.

"ఆ ప్రశ్నే లేదు. ట్యాగూ పట్టీలూ కలిపి ఇరవై నాలుగు గ్రాములు. పక్షి బరువులో నూటికి మూడు వంతులు మించకూడదని నియమం. అందుకే ఎనిమిది వందల గ్రాములకి తగ్గిన బాతుకి తొడగొద్దన్నాను. ముప్ఫైకి ముప్ఫై ఆ పైనే ఉన్నాయి, రిజిస్టరులో ఉంది. అంచేత ఎవరో పడుతున్నారు. పట్టి, ట్యాగు తీసి పారేస్తున్నారు."

వలలావిడకి ఆ తర్వాతి మాటలు సరిగా వినబడలేదు. ఎనిమిది వందలు. ఆ హద్దు సంగతి ఆవిడకి ఎవరూ చెప్పలేదు. రింగుకి అలాంటి లెక్క లేదు, ట్యాగు లెక్క మేనకోడలిది. తను తూకం చూసి పైకి చెప్పేది, ఆ పిల్ల రాసుకుని, సరిపోతుంది, కట్టు అనేది. పది రోజులు అలా సాగింది. ఆ పది రోజుల్లో తన నోట ఎక్కువగా వచ్చిన మాట ఏడు వందల ఎంతో.

మేనకోడలి వైపు చూసింది. ఆ పిల్ల కలం మూత తీసి పెడుతూ, మళ్ళీ తీస్తూ, మ్యాపు వైపే చూస్తోంది.

"రేవులో పొద్దుటి నుంచి సాయంత్రం దాకా ఉండేది నేనొక్కణ్ణే," అన్నాడు పడవాయన. "అది చెప్పడానికేనా సార్ నన్ను కూర్చోబెట్టింది?"

"మీరేనని నేననలేదు."

"అనక్కర్లేదు. నేను బాతు మాంసం ముట్టను సార్. ముప్ఫై ఏళ్ళుగా పడవలోంచి వాటి రెట్ట కడుగుతున్నాను. ఆ వాసన తెలిసినవాడికి ముద్ద దిగదు." ఎవరూ నవ్వలేదు. ఆయన వలలావిడ వైపు తిరిగాడు. "చెల్లెమ్మా, రోజూ నా పక్కనే ఉంటావు. నువ్వు చెప్పు."

"అన్న అలాంటివాడు కాదు సార్," అంది.

అంతే అనగలిగింది. అది సరిపోదని అంటున్నప్పుడే తెలుసు. ప్రొఫెసరు గారు తలాడించి, విచారణ అయ్యేదాకా ఆయన నీళ్ళలోకి దిగకుండా ఉంటే మంచిదన్నారు. రక్షణాధికారి మర్నాడు పొద్దున్నే వాంగ్మూలం ఇవ్వడానికి రమ్మన్నాడు. పడవాయన మొలకి కట్టుకున్న పడవ తాళంచెవి విప్పడానికి చాలాసేపు తంటాలు పడ్డాడు. ముడి తడిసి బిగుసుకుపోయింది. చివరికి తాడుతో సహా లాగి బల్ల మీద పెట్టి వెళ్ళిపోయాడు.

*

అందరూ టీకి లేచినప్పుడు వలలావిడ రిజిస్టరు తెరిచింది. ఒక బాతు ఆవిడకి బాగా గుర్తుంది. తొమ్మిదో ట్యాగుది. ఎడమ కాలి వేళ్ళ మధ్య పొర చిరిగి ఉంది. తూకంలో ఆరువందల తొంభై వస్తే, "దీనికంటే నా చెప్పు బరువు," అని పరాచికమాడింది కూడా. తొమ్మిదో నంబరు ఎదురుగా ఎనిమిది వందల తొంభై అని ఉంది. గుండ్రంగా, ఏ కొట్టివేతా లేకుండా, మేనకోడలి దస్తూరీలో.

వేలు పెట్టి కిందికి చదువుకుంటూ పోయింది. ఆ పేజీలో ఎనిమిది వందలకి తక్కువ అంకె ఒక్కటి లేదు.

సాయంత్రం వంటింట్లో మేనకోడలు ఉల్లిపాయలు తరుగుతోంది. ఆవిడ ఎదురుగా కుర్చీ లాక్కుని కూర్చుంది.

"పొర చిరిగిన బాతు గుర్తుందా నీకు?"

కత్తి ఆగింది. "ఏ బాతు?"

"ఆరువందల తొంభై అన్నాను. నువ్వు రాసింది వేరే."

"తప్పు పడి ఉంటుంది అత్తా."

"ఒక్కటైతే నేనూ అలాగే అనుకునేదాన్ని."

ఆ పిల్ల తరిగిన ముక్కలు కత్తి వెనకవైపుతో గిన్నెలోకి తోసింది. చేతులు కడుక్కుంది. తువ్వాలుతో ఒక్కో వేలూ తుడుచుకుంది. ఆ తుడుచుకోవడంలో తత్తరపాటు ఎక్కడా లేదు.

"బరువైనవి బోనులోకి రాలేదు. పది రోజులూ చూశాను. ముప్ఫైలో ఎనిమిది వందలు దాటినవి నాలుగే. నాలుగు బాతులతో థీసిస్ రాస్తే ఎవరు తీసుకుంటారు?"

"నాతో ఒక్క మాట అనొచ్చుగా."

"అంటే కట్టేదానివా?"

"అవి చస్తున్నాయి," అంది ఆవిడ. "ఎన్ని చచ్చాయో తెలుసా?"

"ఆరు," అంది మేనకోడలు వెంటనే. "బీరువా పై అరలో ఉన్నాయి."

కంప్యూటరు తెరిచి ఇటు తిప్పింది. మ్యాపు మీద సరస్సు, కట్ట, కట్ట వెనక వీధి. ఒక ఇంటి కప్పు మీద ఆరు చుక్కలు ఒకదాని మీదొకటి పడి ఒక్క మచ్చలా ఉన్నాయి. ఆ కప్పు ఎవరిదో ఆవిడకి పోల్చుకోవడానికి కొంచెంసేపు పట్టింది. తన ఇంటిని పైనుంచి ఎప్పుడూ చూడలేదు.

"చీకట్లో పెట్టినా బ్యాటరీ అయిపోవడానికి నాలుగైదు రోజులు పడుతుంది. మొదటిది ఇక్కడికొచ్చిన రోజు, నువ్వొచ్చి చెబుతావనుకున్నాను. చెప్పలేదు. తర్వాత రెండోది వచ్చింది."

"మరి నువ్వెందుకు అడగలేదు?"

"నువ్వు చెప్పనంతకాలం నాకు తెలియనట్టే కదా."

ఇన్నాళ్ళూ ఆవిడ, తను కడుపులో పెట్టుకుని కాపాడుతున్నాననుకుంది. ఈ పిల్ల రోజూ ఎదురుగా కూర్చుని, టీ అందుకుంటూ, చుక్కలు లెక్కపెట్టుకుంటూ ఉంది.

"ఆ పడవాయన ఏం చేశాడు మరి?"

"ఆయన పేరు నేనెత్తలేదు. రేవు దాకా ఉన్న చుక్కలు సార్ కి పంపాను, ఇంటి దగ్గరివి తీసేశాను. అంతే." మేనకోడలు బల్ల మీదుగా చెయ్యి చాపి ఆవిడ ముంజేతిని పట్టుకుంది. ఆ చెయ్యి తడిగా, చల్లగా ఉంది. "చెప్పకు అత్తా. దాచింది నువ్వు. పట్టీలు కట్టింది నువ్వు. ఎవరు వింటారు నీ మాట? రేపు ఇరవై ట్యాగులొస్తాయి. ఈసారి వదులుగా కడదాం."

*

పొద్దున్నే వలలావిడ మేనకోడల్ని లేపకుండా బయల్దేరింది. ముందు పడవాయన ఇంటికి వెళ్ళింది. ఆయన వాంగ్మూలానికి వెళ్ళడానికని ఉతికిన చొక్కా వేసుకుని గుమ్మంలో కూర్చుని ఉన్నాడు. నాతో రా అన్నా, అంది. ఎందుకని ఆయన అడగలేదు.

పెద్ద గదిలో ప్రొఫెసరు గారు కొత్త ట్యాగుల పెట్టె విప్పుతున్నారు. రక్షణాధికారి కాగితాలు సర్దుకుంటున్నాడు. ఆవిడ మేజోడు బల్ల మీద కుమ్మరించింది. ఆరు ట్యాగులు, ఆరు రింగులు. పక్కన ఒక కాగితం, దాని మీద తేదీలూ, చోట్లూ.

"బాతులు రెల్లులో దొరికాయి. నేనే పూడ్చిపెట్టాను. ఈయనకి ఏమీ తెలియదు."

ప్రొఫెసరు గారు ఒక ట్యాగు తీసి, అతుక్కున్న ఈక ముక్కని గోటితో ఊడదీశారు. అప్పటికి మేనకోడలు వచ్చి గుమ్మంలో నిలబడింది. జుట్టు కూడా ముడేసుకోలేదు.

"ఎలా చచ్చాయి?" అన్నారాయన.

"చిక్కిపోయి. పట్టీ ఒరుసుకుని పుండ్లు పడ్డాయి."

"బరువు సరిపోయిన పక్షికి పుండెందుకు పడుతుంది? ముడి బిగుసుకుందా?" ఆయన గొంతులో కోపం లేదు. ఆ మాటలో ఆవిడ బయటపడటానికి ఒక చిన్న దారి ఉంది, ప్రాజెక్టు నిలబడటానికి పెద్ద దారి ఉంది. "ఇరవై రెండేళ్ళ అనుభవం మీది. కానీ ట్యాగు కొత్త. పొరపాటు పడి ఉంటుంది. ఒప్పుకుంటే కొత్తవాటికి జాగ్రత్త పడతాం, అంతే."

మేనకోడలు రెప్ప వెయ్యకుండా చూస్తోంది. అవునంటే చాలు. తన చేతికి చెడ్డపేరు వస్తుంది, పోనీ. పడవాయన బయటపడతాడు, పిల్ల చదువు నిలబడుతుంది. బల్ల మీద తెరిచిన పెట్టెలో ఇరవై ట్యాగులు స్పాంజి గుంతల్లో వరసగా ఉన్నాయి.

"ముడి సరిగానే ఉంది సార్," అంది వలలావిడ. "బాతులు తేలిక. రిజిస్టరులో ఉన్నవి నేను చెప్పిన బరువులు కావు."

గుమ్మంలో తలుపు పట్టుకున్న చెయ్యి జారిపోయి, అడుగుల చప్పుడు వరండాలో దూరమైంది.

పడవాయన బల్ల మీది తన తాళంచెవి తీసుకున్నాడు. ఆవిడ పక్కన ఆగాడు. "నిన్న చెప్పి ఉంటే బాగుండేది చెల్లెమ్మా," అన్నాడు. "నిన్న నా భార్య నన్ను అడిగింది. నిజంగా తీశావా అని."

*

మిగిలిన ఇరవై నాలుగింటినీ పట్టి పట్టీలు కోసెయ్యాలని ప్రొఫెసరు గారు నిర్ణయించారు. పెట్టె తిరిగి వెళ్ళిపోయింది. థీసిస్ మాట ఎవరూ ఎత్తలేదు. మేనకోడలు కేంద్రం గదిలోకి మారిపోయింది, కానీ పొద్దున్నే ఇంటికొచ్చి మ్యాపు చూసి, ఏ చుక్క ఏ మూల ఉందో ఒక కాగితం మీద రాసి, మాటాపలుకూ లేకుండా బల్ల మీద పెట్టి వెళ్ళేది. ఆ కాగితం పట్టుకుని వలలావిడా పడవాయనా బయల్దేరేవారు. నాలుగు చోట్ల కొత్త బోనులు పెట్టారు. తొమ్మిది రోజుల్లో పదకొండు బాతులు చిక్కాయి. ఆయన పట్టుకుంటే ఆవిడ కత్తిరించేది. మునుపటి కబుర్లు లేవు. పుండు మరీ లోతైనవి వదిలాక కూడా ఎగరలేదు, పడవ పక్కనే తేలుతూ ఉండిపోయాయి. పడవాయన తెడ్డు తియ్యకుండా అవి కదిలేదాకా ఆగేవాడు.

పదో రోజు గాలి మారింది. పొద్దున్న వెళ్ళేసరికి సరస్సు ఖాళీగా ఉంది. నిన్నటిదాకా నల్లగా కప్పేసిన గుంపులన్నీ లేచి ఉత్తరానికి వెళ్ళిపోయాయి. వాటితోపాటే, వీపున ఇరవై నాలుగు గ్రాములతో, పదమూడు బాతులు.

"ఆఖరి చుక్క ఆగేదాకా రాయాలి," అన్నారు ప్రొఫెసరు గారు ఫోనులో. "నువ్వూ, మీ అత్తా కలిసి రాయాలి."

మూడు రోజులు పదమూడూ కదిలాయి. కొండలు దాటాయి, ఒక నదిని పట్టుకుని పోయాయి. నాలుగో రోజు మధ్యాహ్నం ఒకటి, ఏ నీళ్ళూ లేని బయలు మీద ఆగింది.

"పడుకుందేమో," అంది మేనకోడలు. పదమూడు రోజుల తర్వాత ఆవిడతో మాట్లాడిన మొదటి మాట అది. "ఇంకో గంట చూద్దాం."

గంట చూశారు. రెండు గంటలు చూశారు. వలలావిడ టీ పెట్టి తెచ్చింది, ఇద్దరిదీ చల్లారిపోయింది. చుక్క అక్కడే ఉంది. మేనకోడలు రిజిస్టరు దగ్గరికి లాక్కుని ఇరవై ఆరో నంబరు వరస వెతికింది. ఆఖరి గడిలో 'చచ్చిపోయింది' అని రాసింది. అక్కడితో ఆగలేదు. కలం వెనక్కి వెళ్ళి బరువు గడిలో ఉన్న ఎనిమిది వందల నలభైని అడ్డంగా కొట్టేసింది.

వలలావిడ కళ్ళు మూసుకుని గుర్తు తెచ్చుకోవడానికి చూసింది. ఎన్ని సంచులు, ఎన్ని ముళ్ళు. ఏదీ గుర్తు రాలేదు.

"నేనారోజు ఎంత చెప్పానో నాకు తెలియట్లేదే," అంది.

"ఏడు వందల పది," అంది మేనకోడలు. "నాకు గుర్తుంది అత్తా. ముప్ఫై బాతులవీ గుర్తున్నాయి."

ఆ అంకె పైన రాసింది. సిరా ఆరేదాకా ఆగి, ఇద్దరూ మళ్ళీ మ్యాపు వైపు తిరిగారు. పన్నెండు ఇంకా కదులుతున్నాయి.